అరువు రేపు – మా ఇంటి ఫోను పద్దు

మా చిన్నప్పుడు రేపల్లె దగ్గర మా ఊళ్ళో శెట్టిగారి కిరాణా కొట్టులో ఒక అట్టముక్క వేలాడుతుండేది. దాని మీద "అరువు రేపు" అని రాసుండేది. రేపు వెళ్ళినా అదే బోర్డు! అయినా నమ్మకమైన ఇళ్ళకు శెట్టిగారి దగ్గర ఖాతా పుస్తకం ఉండేది. నెలంతా సరుకులు తెచ్చుకోవడం, ఒకటో తారీకున పద్దు చూసి నాన్న నుదురు ముడిచి డబ్బు కట్టడం. "ఇన్ని అగ్గిపెట్టెలు ఎప్పుడు తెచ్చామే?" అని అమ్మను అడగడం. అమ్మకు మాత్రం చేతిలో డబ్బు పెట్టి తెచ్చుకోవడమే ఇష్టం. "ఖాతా అయితే చెయ్యి ఆగదు, లెక్క తెలియదు" అనేది.

పోస్ట్‌పెయిడ్, ప్రీపెయిడ్ అన్న మాటలు విన్నప్పుడల్లా నాకు శెట్టిగారి కొట్టే గుర్తొస్తుంది. ఒకటి ఖాతా, ఇంకొకటి నగదు. నిరుడు మా ఇంట్లో రెండు ఫోన్లను ఖాతా నుంచి నగదుకు మార్చాను. ఏడాదికి ఏడు వేలకు పైగా మిగిలింది. అది ఎలాగో చెప్పేముందు ఫోనుకు మనం డబ్బు కడుతూ వచ్చిన కథ కొంచెం చెప్పాలి. ఆ కథ తెలిస్తేనే డబ్బు ఎక్కడ పోతోందో కనిపిస్తుంది.

*

మొదట్లో ఫోనంటే ఖాతాయే. ఇంట్లో ల్యాండ్‌లైను ఉంటే రెండు నెలలకోసారి బిల్లు వచ్చేది. ఎవరు ఎంత మాట్లాడారో బిల్లు వచ్చేదాకా తెలియదు. అందుకే కొన్ని ఇళ్ళలో డయలు రంధ్రంలో బుల్లి తాళంకప్ప వేసేవారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో చెప్పక్కర్లేదు. ఇంటి ఆడవాళ్ళ దగ్గరయితే కాదు.

మాకు ఆ ఫోనూ లేదు. మాది పీపీ నంబరు. ఎదురింటి పెద్దమ్మగారింట్లో ఫోనుండేది. ఉత్తరాల మీద, శుభలేఖల మీద ఆ నంబరు రాసి పక్కన "పీపీ" అని పెట్టుకునేవాళ్ళం. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి బీఏ చదివేటప్పుడు వారానికోసారి ఎస్టీడీ బూతు నుంచి చేసేదాన్ని. పసుపు బోర్డు, అద్దాల గది, లోపల ఎర్రంకెలు పరిగెత్తే మీటరు. పెద్దమ్మగారు ఫోనెత్తి, "ఉండమ్మా పిలుస్తా" అని కేకేసి, అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి మీటరు తిరుగుతూనే ఉండేది. అందుకని పెట్టేసి అయిదు నిమిషాలాగి మళ్ళీ చేసేదాన్ని. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీయే. కానీ ఆ వేళకు ఎదురింటివాళ్ళను నిద్రలేపితే బాగుంటుందా? చవక మనకు, నిద్ర చెడటం వాళ్ళకు.

అప్పటికే దేశంలోకి సెల్‌ఫోన్ వచ్చేసింది. 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ అదే. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు లైసెన్సులు టాటా సెల్యులార్‌కు, జేటీ మొబైల్స్‌కు దక్కాయి. ఆ రోజుల్లో రద్దీ వేళ నిమిషం మాట్లాడితే 16 రూపాయల 80 పైసలు. చేసినవాళ్ళకే కాదు, ఎత్తినవాళ్ళకూ ఛార్జీ పడేది. ఎవరైనా ఫోన్ చేస్తే మనం డబ్బు కట్టాలన్నమాట! అలాంటి వస్తువు మన ఇళ్ళలోకి ఎలా వస్తుంది?

అది మన గడప తొక్కడానికి రెండు కారణాలున్నాయని నాకనిపిస్తుంది. ఒకటి, ఎత్తినవాళ్ళకు ఛార్జీ తీసేయడం. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. చేసినవాళ్ళే కడతారు. రెండోది ప్రీపెయిడ్.

పోస్ట్‌పెయిడ్ కావాలంటే కంపెనీవాడు మనల్ని నమ్మాలి. చిరునామా, ఆదాయం, డిపాజిట్, నెలనెలా బిల్లు కడతామన్న భరోసా చూసేవాడు. తన పేరున జీతం లేని ఇల్లాలిని, కూలికెళ్ళే మనిషిని, పూలమ్మే ఆమెను ఏ లెక్కన నమ్ముతాడు? ప్రీపెయిడ్‌లో ఆ గొడవ లేదు. ఫోటో, గుర్తింపు కాగితం ఇచ్చి ముందే డబ్బు కడితే చాలు. ఎవరి హామీ అక్కర్లేదు. పైగా నెలాఖరున ఇంటికి బిల్లు రాదు, ఎవరితో ఎంతసేపు మాట్లాడావని అడిగేవాళ్ళుండరు. మన దేశంలో ఇవాళ్టికీ కనెక్షన్లలో చాలా ఎక్కువ భాగం ప్రీపెయిడే. అందులో ఆశ్చర్యం లేదు. అరువు పుట్టనివాళ్ళకు ఫోనిచ్చింది నగదు కొట్టే.

*

నాకు 2002లో పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. ఆ ఏడాది అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ మొబైల్ సర్వీసు మొదలైంది. ఏడాది తిరక్కుండానే రిలయన్స్ 501 రూపాయలకు ఫోన్ చేతిలో పెడతానంది. మా వారికి ఆఫీసు పుణ్యమా అని పోస్ట్‌పెయిడ్ వచ్చింది. నాకు మాత్రం గోకుడు కార్డు.

గుర్తుందా మీకు? కార్డు మీద వెండిపూతను రూపాయి బిళ్ళతో గీకి, లోపలి అంకెలు కళ్ళు చికిలించుకుని నొక్కడం. ఒక్క అంకె చెరిగిందా, కొట్టువాడితో తగువే. కార్డు ధరంతా మాటలకు రాదు. టాక్సనీ, ప్రాసెసింగ్ ఫీజనీ కొంత పోయి మిగిలిందే టాక్‌టైం. పండగకు "ఫుల్ టాక్‌టైం" అంటే మా వీధి ఆడవాళ్ళమంతా కొట్టు ముందు చేరేవాళ్ళం. అదే పండగ రోజున మెసేజీ ప్యాకులు మాత్రం పనిచేసేవి కావు. సంక్రాంతి శుభాకాంక్షలు ముందురోజే పంపేసేదాన్ని.

ఇక మిస్డ్ కాల్! దాన్ని మన జాతీయ భాష అనవచ్చు. నాన్న ఊరి నుంచి బస్సెక్కితే ఒకటి, దిగితే ఇంకొకటి. రెండుసార్లు వెంటవెంటనే వస్తే "నువ్వు చెయ్యి" అని అర్థం. మూడొస్తే కంగారుపడాలి. పైసా ఖర్చు లేకుండా ఇంత కబురు మోసిన వ్యవస్థ ఇంకోటి ఉందా?

2005 చివర, 2006 మొదట్లో "లైఫ్‌టైమ్" కార్డులొచ్చాయి. 999 రూపాయలు ఒక్కసారి కడితే ఇక ఇన్‌కమింగ్‌కు గడువు లేదన్నారు. పంట డబ్బు చేతికి రాగానే నాన్న అది కొన్నాడు. ఎదురింటికి పరిగెత్తే పని అమ్మకు ఆనాటితో తప్పింది. అదే 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయే అంది. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా అంది. అంతదాకా పది సెకన్లు మాట్లాడినా నిమిషం డబ్బు పోయేది. ఇప్పుడు "పాలు పొంగుతున్నాయమ్మా, పెట్టేస్తున్నా" అన్న కాల్‌కు పది పైసలు. మిగతా కంపెనీలూ ఆ దారికి రాక తప్పలేదు. 2011 జనవరి 20 నుంచి నంబరు మారకుండా కంపెనీ మారే వీలు దేశమంతా వచ్చింది.

ఇక్కడిదాకా కథంతా మన వైపే నడిచింది. మనం కొంటున్నది మాటలు. మాట్లాడితే డబ్బు, లేకపోతే లేదు. అమ్మలాంటివాళ్ళకు 10 రూపాయల రీఛార్జి నెల దాటి వచ్చేది.

*

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మాటలు ఉచితం, నెట్‌కే డబ్బు అంది. మొదటి నెలలు నెట్టూ ఉచితమే. పోటీకి తట్టుకోలేక కొన్ని కంపెనీలు మూతబడ్డాయి, మరికొన్ని కలిసిపోయాయి. పిల్లలు సంబరపడ్డారు, నేనూ పడ్డాను. వంటల వీడియోలు చూస్తూ కూర మాడ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి.

కానీ ఆ సందట్లో కొట్లో సరుకు మారిపోయింది. అంతవరకు మాటలు కొన్నాం, అక్కణ్ణుంచి రోజులు కొంటున్నాం. 28 రోజులకింత, 84 రోజులకింత. మాట్లాడినా మాట్లాడకపోయినా గడువు అయిపోతే అయిపోయినట్టే. 2018 చివర్లో ప్రైవేటు కంపెనీలు ఇంకో మెలిక పెట్టాయి. నెట్‌వర్కులో ఉండాలంటే 28 రోజులకోసారి కనీసం 35 రూపాయల రీఛార్జి చేయాలన్నాయి. లేకపోతే మొదట అవుట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ ఆగిపోతాయి.

అది మా ఇంటిని ఎలా తాకిందో చెబుతాను.

నాన్న 2014లో పోయారు. ఆయన లైఫ్‌టైమ్ నంబరునే అమ్మ వాడుకుంటోంది. బంధువుల పుస్తకాల్లో, గ్యాసు కాగితంలో, ఇంటి తలుపు మీద సుద్దముక్కతో నాన్న రాసిన రాతలో అదే నంబరు. 2019 మొదట్లో ఒకరోజు సాయంత్రం ఫోన్ చేస్తే కలవలేదు. టవరు పోయిందేమో అనుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు మనసు ఆగక పాత డైరీ వెతికి ఎదురింటి పెద్దమ్మగారి అబ్బాయి నంబరుకు చేశాను. ఇరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ పీపీ! అతను వెళ్ళి చూస్తే అమ్మ మూడు రోజులుగా జ్వరంతో మంచం మీద ఉంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అని ఏడిస్తే అమ్మ అన్నదొకటే మాట. "నా ఫోన్ పోవట్లేదే. నువ్వూ చెయ్యలేదు. పనిలో ఉన్నావనుకున్నా."

గడువు అయిపోతోందని మెసేజీలు వచ్చాయట. అన్నీ ఇంగ్లీషులో. అమ్మకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. పైగా ఆమె దృష్టిలో అది జీవితాంతం పనిచేసే కార్డు. నాన్న కొన్నది. దానికి గడువేమిటి? 35 రూపాయలు వేయగానే ఫోను మోగింది. 35 రూపాయల కోసం మూడు రోజులు మా అమ్మ ఎవరికీ అందలేదు. జ్వరం తగ్గిపోయింది కానీ ఆ మూడు రోజులు నాకిప్పటికీ గొంతులో ముల్లే.

అప్పటి నుంచి అమ్మ రీఛార్జి తేదీలు నేనే క్యాలెండరులో గుర్తు పెడుతున్నాను. 28 రోజులు కావడంతో తేదీ ప్రతిసారీ వెనక్కి జరుగుతుంది. "ఇదేం నెలే, చాంద్రమానమూ కాదు, సౌరమానమూ కాదు" అంటుంది అమ్మ. నిజమే. 28ని 13తో గుణిస్తే 364. నెలకోసారి అనుకుంటాం కానీ ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు. ఆ పదమూడో నెల ఏ పంచాంగంలోనూ లేని అధికమాసం. ఈ ఫిర్యాదులు ట్రాయ్‌దాకా వెళ్ళాయి. 2022 జనవరిలో ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను, ప్రతినెలా ఒకే తేదీకి వచ్చే ప్లాను ఒకటి పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది. అడిగితే ఉంటాయి. మనంతట మనం అడగాలి, అంతే.

ఆ కనీస రీఛార్జి కూడా 35 దగ్గర ఆగలేదు. 2019 డిసెంబరులో, 2021 నవంబరులో, 2024 జులైలో ధరలు పెరిగాయి. చివరికి అమ్మ బటన్ ఫోనుకు 28 రోజులకు 199 రూపాయలు అయింది. అందులో నెట్ కూడా ఉంటుందట. ఆ ఫోనులో అమ్మ నెట్ ఏం చేసుకుంటుంది? భోజనం ఒక్కటే కావాలన్నా ఐస్‌క్రీముతో కలిపే అమ్ముతామన్నట్టుంది. 2024 డిసెంబరులో ట్రాయ్ ఈ సంగతి కూడా పట్టించుకుంది. మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకులు విడిగా అమ్మాలనీ, అలాంటి ప్యాకుల గడువు ఏడాది దాకా ఉండవచ్చనీ నిబంధన తెచ్చింది. 2025 జనవరిలో ఆ ప్యాకులు వచ్చాయి.

*

ఆ వార్త చదివిన రోజే జమాఖర్చుల పుస్తకం ముందేసుకున్నాను. కంపెనీలు రోజులు అమ్ముతున్నాయి కాబట్టి నేనూ రోజు లెక్కే వేశాను. ధరను రోజులతో భాగించడమే. ఇంతకంటే పెద్ద విద్య ఇందులో లేదు.

అప్పటికి నేను కూడా మా వారితో పాటు పోస్ట్‌పెయిడ్‌లోనే ఉన్నాను. ఎప్పుడు మారానో, ఎందుకు మారానో కూడా గుర్తులేదు. "ఆటోమేటిక్‌గా కట్ అయిపోతుంది, తలనొప్పి ఉండదు" అన్నారు మా వారు. శెట్టిగారి ఖాతా సుఖం అదే కదా! ప్లాను 449 అని చెబుతారు. బిల్లులో దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే 529 రూపాయల 82 పైసలు. ప్రీపెయిడ్‌లో చెప్పిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. ఈ ఒక్క తేడా చూడకుండా రెండు ధరలు పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది.

పోస్ట్‌పెయిడ్ ఒక ఫోనుకు రోజుకు 17 రూపాయల 66 పైసలు. రెండు ఫోన్లకు ఏడాదికి దాదాపు 12,716. మా వారికి బయట నెట్ కావాలి, అందుకని 84 రోజులకు 859 రూపాయల ప్యాకు చూశాను. రోజుకు 10 రూపాయల 23 పైసలు, ఏడాదికి సుమారు 3,733. నేను రోజంతా ఇంట్లో వైఫై మీదే ఉంటాను. మాటల ప్యాకు ఏడాదికి 1,849. రోజుకు అయిదు రూపాయల చిల్లర. ఇద్దరికీ కలిపి 5,582. మిగులు 7,134 రూపాయలు. అమ్మకూ ఏడాది మాటల ప్యాకే వేస్తే, 199 చొప్పున పదమూడుసార్లు పోసే 2,587 బదులు 1,849 సరిపోతుంది. అక్కడ ఇంకో 738.

మా వారికి కాగితం చూపించాను. "నంబరు మారుతుందేమో" అన్నారు. మారదు. 2021 సెప్టెంబరు నుంచి పోస్ట్‌పెయిడ్‌ను ప్రీపెయిడ్‌గా మార్చుకోవడం ఓటీపీతో అయిపోతుంది, మళ్ళీ కాగితాలు ఇవ్వనక్కర్లేదు. పాత బాకీ మొత్తం కట్టేయాలి. ఎప్పుడో డిపాజిట్ కట్టి ఉంటే అడిగి వెనక్కి తీసుకోవాలి. బ్యాంకులో ఆటో పేమెంటు ఆపడం మర్చిపోకూడదు. బిల్లు నెల ముగిసే సమయం చూసుకుని మారితే కట్టిన డబ్బు వృథా కాదు.

అన్నీ లాభాలే అని చెప్పను. నాకు బయట నెట్ లేదు కాబట్టి కూరగాయల బండి దగ్గర స్కానింగ్ కుదరదు. మళ్ళీ చిల్లర పర్సు పట్టుకెళుతున్నాను. దానివల్ల కొత్తిమీర కట్ట బేరం కూడా మళ్ళీ మొదలైందనుకోండి! ఒకే పోస్ట్‌పెయిడ్ ప్లానులో నలుగురైదుగురు పంచుకునే ఇళ్ళలో తలకింత అని వేస్తే అదే చవక పడవచ్చు. మీ లెక్క మీరు వేసుకోండి. ఏడాది ప్యాకు వేసేముందు ఆ ఊళ్ళో ఆ కంపెనీ సిగ్నలు ఇంట్లోపల అందుతుందో లేదో చూడండి. డబ్బు కట్టాక వెనక్కి రాదు. అన్నిటికంటే ముఖ్యం, నగదు కొట్టులో గుర్తు పెట్టుకోవలసింది మనమే. గడువు దాటితే ఫోనే కాదు, బ్యాంకు ఓటీపీ కూడా ఆగుతుంది. మా వంటింటి క్యాలెండరులో గడువుకు వారం ముందు తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుడతాను. పిల్లల పరీక్షల తేదీల పక్కనే అవీ ఉంటాయి.

ధరలు రేపు మారతాయి, నేను చెప్పిన అంకెలు పాతబడతాయి. రోజుకెంత అన్న ప్రశ్న మాత్రం పాతబడదు.

మిగిలిన డబ్బుకు నా పుస్తకంలో "ఫోను మిగులు" అని ఒక పద్దు తెరిచాను. దాంతో నిరుడు రెండుసార్లు అదనంగా ఊరెళ్ళి అమ్మ దగ్గర నాలుగేసి రోజులు ఉండి వచ్చాను. అమ్మకు ఈ లెక్కలేవీ పట్టవు. "ఏడాదిదాకా మోగుతుందా?" అని మాత్రం రెండుసార్లు అడిగింది. మోగుతుందమ్మా అన్నాను. తలుపు మీద నాన్న రాసిన అంకెలు మాసిపోతే, వాటి మీదే మళ్ళీ సుద్దతో దిద్దుకుంది.

మీ ఇంట్లో ఫోన్లెన్ని, రోజుకెంత పడుతోందో ఒకసారి రాసి చూసుకోండి. దానికంటే ముందు ఈ సాయంత్రమే ఇంకో పని చేయండి. ఊళ్ళో మీ అమ్మగారో అత్తగారో వాడుతున్న ఫోను ఏ తేదీదాకా మోగుతుందో కనుక్కుని క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టండి.